ఐదుగురం వెళ్లాం, నలుగురం వచ్చాం

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా ఉట్నూరులో జరిగిన మన యువజన సమావేశంలో చేసిన ప్రసంగం)



మైకు ఒక్కరి చేతిలోనే ఉంది గానీ ఈ మాటలు మా నలుగురివీ. నిన్న రాత్రి కూర్చుని ఎవరు ఏం చెప్పాలో అనుకున్నాం. చివరికి ఒక్కరే చెప్పాలి, 'నేను' అనకూడదు, 'మేము' అనాలి అని తీర్మానం చేసుకున్నాం. ఎందుకంటే ఇందులో మంచి పని చేసిందెవరు, తప్పు చేసిందెవరు అని మీరు లెక్క తీయడం మాకు ఇష్టం లేదు.

మూడేళ్ల కింద ఇక్కడి నుంచి హైదరాబాద్‌కు ఐదుగురం వెళ్లాం. డిగ్రీలు పూర్తి చేసుకుని నలుగురం వచ్చాం. ఐదో అతను ఈ సభకు రాలేదు. "నా సంగతి చెప్పండి, పేరు మాత్రం చెప్పకండి" అన్నాడు. అతని సంగతి మధ్యలో వస్తుంది.

ముందు ఈ చదువేమిటో చెప్తాం. ఇంటర్ అయ్యాక దోస్త్‌లో ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు బి.కాం., బి.ఎస్సీ.ల పక్కన బి.బి.ఎ. రిటైలింగ్, లాజిస్టిక్స్ లాంటి కోర్సులు కనిపిస్తాయి. 2023 నుంచి మన రాష్ట్రంలో కొన్ని ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో రిటైలింగ్ కోర్సు నడుస్తోంది. వారంలో మూడు రోజులు తరగతి, మూడు రోజులు షాపు. లాజిస్టిక్స్ చేసినవాళ్లకు ఇంకో పద్ధతి. మొదట తరగతులు, తర్వాత మూడు సెమిస్టర్లు పూర్తిగా గోదాములోనే. ఏ పద్ధతిలోనైనా నెలనెలా స్టైఫండ్ వస్తుంది, చివర్లో అందరితో సమానమైన డిగ్రీ వస్తుంది. యు.జి.సి. దీనికి 2020లో ఒకసారి, 2025లో మళ్లీ మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం మాత్రం పాతదే, 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం. ఈ చదువు చదివేవాణ్ని డిగ్రీ అప్రెంటిస్ అంటారు.

మాకు ఇవేవీ తెలియవు. "చదువుకుంటే పైసలు ఇస్తారట" అన్న ఒక్క మాట విని వెళ్లాం. ఇంట్లో కూడా ఆ మాట విని సంతోషపడ్డారు. పత్తి విత్తనాలకు అప్పు చేసే ఇల్లు కదా, కొడుకు చదువుకు ఖర్చు ఉండదంటే ఎవరు కాదంటారు?

మొదటి నెలలోనే మాకు అర్థమైంది, మూడు రోజులు తరగతి, మూడు రోజులు షాపు అన్నది కాగితం మీది లెక్క అని. షాపుకు గిరాకీ ఉండేది శని, ఆదివారాల్లో. ఆదివారం రమ్మంటారు. సోమవారం సెలవు తీసుకోమంటారు. సోమవారం మాకు కాలేజీ. అంటే వారానికి ఏడు రోజులూ అయిపోయాయి. తొమ్మిది గంటలు నిలబడే పని. కూర్చుంటే ఊరుకోరు. రాత్రి గదికి వచ్చేసరికి కాళ్లు వాచి చెప్పుల్లో పట్టేవి కావు. పుస్తకం తెరిస్తే రెండో పేజీలో నిద్ర. పొద్దున లేచి కాలేజీకి పోతే వెనక బెంచీలో మళ్లీ నిద్ర. లెక్చరర్ అనుకున్నారు, వీళ్లకు చదువు మీద శ్రద్ధ లేదని. షాపులో సూపర్‌వైజర్ అనుకున్నాడు, వీళ్లకు పని మీద శ్రద్ధ లేదని. ఇద్దరిలో ఎవరూ రెండో చోట మేమేం చేస్తున్నామో చూడలేదు. చూడడానికి వీలు కూడా లేదు. కాలేజీకి కనిపించేది మా గైర్హాజరు. షాపుకు కనిపించేది మా ఆలస్యం.

మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చినప్పుడు ఐదుగురిలో నలుగురికి బ్యాక్‌లాగ్‌లు. అకౌంట్స్‌లో ముగ్గురికి, స్టాటిస్టిక్స్‌లో ఇద్దరికి. అన్నీ పాసైన ఒక్కరు మా చెల్లె. ఆమె మాకంటే తెలివైనదని మేము ఒప్పుకోం, ఆమె ముందు అసలే ఒప్పుకోం. కానీ ఆమె చేసిన పని ఒకటుంది. చేరిన రెండో వారమే పరీక్షల తేదీలు కాగితం మీద రాసుకుని షాపు మేనేజర్ దగ్గరికి పోయి, "సార్, ఈ తొమ్మిది రోజులు నాకు పొద్దుటి షిఫ్టు వద్దు" అని అడిగింది. ఆయన సరే అన్నాడు. అంతే. మేము అడగలేదు. అడిగితే తీసేస్తారేమో అనుకున్నాం.

ఇక్కడ కొంచెం ఆగాలి. మన రాయి సెంటర్‌లో పంచాయతీ జరిగితే ఎవరైనా లేచి తన మాట చెప్తాడు. పెద్దల ముందు భయభక్తులతోనే చెప్తాడు, కానీ చెప్తాడు. చెప్పకుండా తీర్పు కాదు. అక్కడ నోరున్న మనకు పట్నంలో ఏ.సి. గదిలో కుర్చీ వెనక కూర్చున్న మనిషిని చూడగానే నోరు పోతుంది. మా తెలుగు యాస చూసి నవ్వుతారని ఒక భయం. ఇంగ్లీషు రాదని ఒక భయం. "ఎస్టీ కోటాలో వచ్చినవాళ్లు" అంటారని ఇంకో భయం. ఆ మాట ఒకసారి అన్నారు కూడా. ఎవరన్నారో ఇక్కడ వద్దు. తర్వాత మాకు తెలిసిందేమిటంటే, అదే అప్రెంటిస్‌ల చట్టంలో 3ఎ అని ఒక సెక్షన్ ఉంది. నిర్దేశించిన ట్రేడుల్లో శిక్షణ స్థానాలు ఎస్సీ, ఎస్టీలకు కేటాయించాలని అందులోనే రాసి ఉంది. అది ఎవరూ మనకు దయతో ఇచ్చింది కాదు.

ఇప్పుడు ఐదో అతని సంగతి. అతను మాలో అందరికంటే కష్టపడేవాడు. మూడు నెలలు స్టైఫండ్ సరిగ్గా రాలేదు. షాపు ఇచ్చే భాగం కొంత వచ్చింది, ప్రభుత్వం నుంచి నేరుగా ఖాతాలో పడాల్సిన భాగం రాలేదు. మిగిలిన నలుగురికి వచ్చింది. తనకు మాత్రం ఏదో కోత పెట్టారనుకున్నాడు. మాకు చెప్పలేదు. గది కిరాయి తన వంతు వేరే చోట అప్పు తెచ్చి కట్టాడు. ఇంటికి నెలకు మూడు వేలు పంపుతానని బాపుకు మాట ఇచ్చాడు, ఆ మూడు వేలు కూడా అప్పు తెచ్చి పంపాడు. పరీక్ష ఫీజు కట్టే తేదీ దాటిపోయింది. ఒక పొద్దున మేము షిఫ్టుకు పోయి వచ్చేసరికి సంచి సర్దుకుని భాగ్యనగర్ ఎక్కి ఆసిఫాబాద్ రోడ్‌లో దిగిపోయాడు.

ఆ డబ్బు ఎక్కడికి పోయిందో తెలుసా? అతని పేరు మీదే ఇంకో ఖాతాలో పడింది. ప్రభుత్వం ఆధార్ ఆధారంగా వేసే డబ్బు మనం రాసిచ్చిన ఖాతా నంబరుకు పోదు. ఆధార్‌తో చివరిసారి ఏ ఖాతా ముడిపడిందో దానికి పోతుంది. పట్నం వచ్చిన కొత్తలో సిమ్ కార్డు తీసుకున్నప్పుడు వేలిముద్ర పెట్టించుకున్నారు. ఆ వేలిముద్రతోనే ఫోనులో ఒక ఖాతా తెరిచారు. అది అతనికి తెలియదు. డబ్బంతా అందులో ఉంది. ఆ సంగతి బయటపడేసరికి అతను ఊర్లో పత్తి ఏరుతున్నాడు, సంవత్సరం పోయింది.

అతను ఒక్క మాట అడిగి ఉంటే అని మేము చాలాసార్లు అనుకున్నాం. కానీ తప్పంతా అతని మీద వేస్తే అన్యాయం. ఒకే గదిలో పడుకున్న మేము అతన్ని అడగలేదు. కాలేజీ వాళ్లు అది షాపు చూసుకుంటుందనుకున్నారు. షాపు వాళ్లు అది కాలేజీ పని అనుకున్నారు. మధ్యలో ఉన్నవాడు పోయాడు. ఈ చదువులో అసలు కష్టం నిద్ర చాలకపోవడం కాదు. రెండు చోట్ల మధ్య మాట మోసేవాడు ఎవరూ ఉండరు. ఆ పని కూడా మనమే చేయాలి.

అందుకని తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చేరే ముందు కాంట్రాక్టు కాగితం చదవండి. అర్థం కాకపోతే అర్థమైనవాళ్లతో చదివించుకోండి. మేము చదవకుండా సంతకం పెట్టాం, ఆ తప్పు మీరు చేయకండి. అందులో చూడాల్సినవి ఎక్కువేం లేవు. ఎన్ని నెలలు, రోజుకు ఎన్ని గంటలు, స్టైఫండ్ ఎంత, అందులో షాపు ఎంత ఇస్తుంది, ప్రభుత్వం ఎంత వేస్తుంది, సెలవులెన్ని. 2019 నిబంధనల ప్రకారం డిగ్రీ అప్రెంటిస్‌కు నెలకు 9,000 రూపాయలు. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి స్టైఫండ్‌ను 36 శాతం పెంచాలని సిఫారసు చేసింది. మీరు చేరే రోజున ఎంత ఉందో పోర్టల్‌లో చూసుకుని సంతకం పెట్టండి. ఆధార్ ఏ ఖాతాతో ముడిపడి ఉందో ఆ రోజే బ్యాంకులో అడగండి. పది నిమిషాల పని.

చట్టం మనల్ని శిక్షణ పొందేవాళ్లు అంటుంది, కార్మికులు అనదు. దీనికి రెండు వైపులా పదునుంది. కార్మికులం కాదు గనుక కార్మిక చట్టాలు మనకు వర్తించవు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని కూడా లేదు. అదే సమయంలో, అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా మనతో ఓవర్‌టైం చేయించకూడదు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఉంది. గోదాములో ఉన్న మావాడికి మొదటి ఏడాది చివర స్టాకు లెక్కలప్పుడు రాత్రి పదకొండు దాకా ఉండమన్నారు, ఐదు రోజులు. ఆరో రోజు "సార్, రేపు ఇంటర్నల్ పరీక్ష ఉంది, కాంట్రాక్టులో ఇన్ని గంటలని ఉంది" అని కాగితం చూపించాడు. గొడవ ఏం కాలేదు. ఆ సూపర్‌వైజర్‌కు కూడా ఆ సంగతి తెలియదట. అందరూ అలా వింటారని మేము చెప్పం. ఇంకో చోట ఇదే కాగితం చూపిస్తే వారం రోజులు మొహం చూడలేదు. అయినా షిఫ్టు మారింది.

లాగ్‌బుక్ సంగతి కూడా చెప్పాలి. జాతీయ క్రెడిట్ విధానంలో 30 గంటలకు ఒక క్రెడిట్. ఏడాదికి 1,200 గంటలు, 40 క్రెడిట్లు. అంటే షాపులో మనం నిలబడే గంటలు కూడా మార్కులే. కానీ నిలబడితే చాలదు, రోజూ ఏం చేశామో రాసి సంతకం పెట్టించాలి. మేము నెలాఖరులో ముప్పై రోజులవి ఒకేసారి రాసి సంతకం అడిగేవాళ్లం. మధ్యలో మేనేజర్ మారిపోయాడు. కొత్తాయన, "నేను చూడని పనికి సంతకం ఎట్లా పెడతా?" అన్నాడు. ఆయన అన్నది న్యాయమే. రెండు నెలల పని గాలికి పోయింది. తర్వాత కాలేజీ సార్ మాట్లాడి కొంత సరిచేశారు, అంతా కాదు.

ఇక చదువు. చాలామంది అడుగుతారు, అంత పని చేస్తూ ఎట్లా చదివారు అని. నిజం చెప్పాలంటే రెండో ఏడు దాకా మాకూ తెలియలేదు. తర్వాత తెలిసింది, సబ్జెక్టులు రెండు రకాలు. ఒక రకం షాపులోనే ఉంటాయి. పాల ప్యాకెట్లు పేర్చేటప్పుడు ముందొచ్చినవి ముందు వరసలో, తర్వాతవి వెనక పెడతాం. పుస్తకంలో దాన్నే ఫస్ట్ ఇన్ ఫస్ట్ అవుట్ అంటారు. అది మేము రోజూ చేసి, పరీక్షలో మాత్రం బట్టీ పట్టి రాయబోయి మరిచిపోయాం! స్టాకు, బిల్లింగ్, రిటర్న్, గిరాకీతో మాట్లాడడం, ఇవన్నీ పని చేస్తూనే ఒక చిన్న నోటుబుక్కులో రాసుకుంటే సగం సిలబస్ అయిపోతుంది. రెండో రకం అకౌంట్స్, స్టాటిస్టిక్స్. ఇవి షాపు నేర్పదు. బస్సులో ఫోను చూస్తూ కూడా రావు. వీటికి కూర్చోవాలి, పెన్ను పట్టాలి, తప్పు చేయాలి, మళ్లీ చేయాలి. మా దగ్గర మిగిలిన మంచి గంటలు వారానికి ఐదో ఆరో. ఆ గంటలు మొత్తం ఈ రెండింటికే పెట్టాం. మంగళవారం పొద్దున ఐదు నుంచి ఏడు. ఆ రెండు గంటలు ఎవరి ఫోనూ మోగకూడదని నియమం. చెల్లె హాస్టల్ నుంచి వీడియో కాల్‌లో ఉండేది, ఆ ఒక్క ఫోనుకే మినహాయింపు.

పాఠం ఇంగ్లీషులో చదివి, ఒకరికొకరం గోండిలో చెప్పుకునేవాళ్లం. డిప్రిసియేషన్ అంటే ఎడ్లబండి. కొన్న ఏడాది ఒక ధర, ఐదేళ్లకు ఒక ధర, పదేళ్లకు పొయ్యిలో కట్టె. ఎవరికైనా ఇంకా అర్థం కాకపోతే వాళ్ల బాపు బండి గురించి అడిగేవాళ్లం. నవ్వుకుంటూనే బ్యాక్‌లాగ్‌లు పోయాయి. పెద్దలకు ఒక మాట గుర్తుండే ఉంటుంది. 1943లో మర్లవాయిలో హైమన్‌డార్ఫ్ దొర చొరవతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టినప్పుడు, గోండిలోనే వాచకాలు రాయించారు. చదువు అంతంత మాత్రం వచ్చిన మన యువకులే అక్కడ నేర్చుకుని ఊళ్లలో పంతుళ్లయ్యారు. నేర్చుకుంటూ పని చేయడం మనకు కొత్త కాదు. మన భాషలో పాఠం చెప్పుకోవడమూ కొత్త కాదు. సిగ్గుపడింది మేమే.

డబ్బు గురించి ఇంట్లోవాళ్లకు చెప్పాలి. అవ్వా, బాపూ, మీరు వింటున్నారు కాబట్టి చెప్తున్నాం. మాకు చేతికి వచ్చేది సుమారు పది వేలు. గది, తిండి, బస్సు పాసు, ఫోను, పుస్తకాలు, జ్వరం వస్తే మందులు పోను మిగిలేది తక్కువ. మేము ఇంటికి పంపాం, పంపినందుకు బాధ లేదు. కానీ పిల్లవాడికి వచ్చేది జీతం కాదు, చదువుకునే రోజులు గడవడానికి ఇచ్చేది. జూన్‌లో విత్తనాలకు, నవంబరులో పత్తి ఏరే కూలీలకు దాని మీద ఆధారపడితే పరీక్ష ఫీజు ఆగుతుంది. ఇది అడిగి తెలుసుకోండి, కోపంతో కాదు. "ఫీజు కట్టినవా?" అని నెలకొకసారి అడిగితే చాలు.

చివరగా దండారి సంగతి చెప్పి కూర్చుంటాం.

దండారి వచ్చేది దీపావళికి. షాపుకు ఏడాదిలో అన్నిటికంటే గిరాకీ కూడా అప్పుడే. ఆ పదిహేను రోజులు ఎవరికీ సెలవు ఉండదు. మొదటి ఏడాది మేమెవరం రాలేదు. మాలో ఒకడి ఇంట్లో తాత కాలం నుంచి గుస్సాడీ కిరీటం ఉంది. ఆ ఏడు వాడే ఎత్తుకోవాలి. ఊర్లో దండారి ఆడుతుంటే వాడు ఇక్కడ బిల్లింగ్ కౌంటర్‌లో దీపాల ప్యాకెట్లు స్కాన్ చేస్తున్నాడు. ఫోనులో గుమేల చప్పుడు వినిపించమని తమ్ముడిని అడిగి, విని, ఏడ్చి, మళ్లీ కౌంటర్‌కు పోయాడు. రెండో ఏడాది జూలైలోనే మేనేజర్‌కు కాగితం రాసి ఇచ్చాం. మా పండుగ ఏమిటో, ఎన్ని రోజులో, ఎందుకు పోవాలో ఒక పేజీ రాశాం. దసరా అంతా సెలవు లేకుండా చేస్తాం, దండారికి వదలండి అన్నాం. నాలుగు రోజులు ఇచ్చారు. కొలబోడి రోజుకు ఊరు చేరాం. కానీ గుస్సాడీ అంటే చివరి రోజు వచ్చి కిరీటం పెట్టుకునేది కాదు. పెట్టుకున్నవాడు మొదటి నుంచి నియమంలో ఉండాలి. ఆ ఏడు కూడా కిరీటం వాళ్ల చిన్నాయన ఎత్తుకున్నాడు. మావాడు గుమేల కొట్టాడు. మూడో ఏడు పరీక్షలు ముందుకు జరిగాయి, నాలుగు రోజులూ దొరకలేదు.

కాబట్టి అన్నీ సర్దుకున్నాయని మేము చెప్పం. బ్యాక్‌లాగ్‌లు పోయాయి, డిగ్రీ వచ్చింది, కానీ ఆ మూడు దండారులు తిరిగి రావు. షాపులు దీపావళికి సెలవు ఇవ్వవని తెలిసి కూడా ఈ చదువు వద్దని మీకు చెప్పం. తెలిసే వెళ్లండి. వెళ్లిన మొదటి నెలలోనే అడగండి.

మావాడికి అదే కంపెనీ ఉద్యోగం ఇస్తామంది. అక్టోబరులో చేరమని లేఖ వచ్చింది. కొలబోడి అయ్యాక చేరతానని జవాబు రాశాడు, మేమంతా కూర్చుని రాశాం. ఇంకా బదులు రాలేదు. ఐదో అతను కూడా మళ్లీ ఫీజు కట్టి ఆగిన చోటు నుంచి మొదలుపెడతానంటున్నాడు, కాలేజీలో అడగడానికి వచ్చే సోమవారం చెల్లె అతనితో పోతోంది. మీలో దోస్త్‌లో ఈ కోర్సులు పెట్టుకున్నవాళ్లు భోజనాలయ్యాక ఆ వేప చెట్టు కిందికి రండి. మా కాంట్రాక్టు కాగితాలు తెచ్చాం, చూపిస్తాం. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం మీ దగ్గరుంటే తీసుకురండి.

రాం రాం.